ఒకే దేశం, ఒకే పుట్టినరోజు

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. 2024లో కనుమ మంగళవారం వచ్చింది. ఆరోజు కాకి కదల్లేదు గానీ, ఢిల్లీలో పీఎఫ్ సంస్థవారి సర్క్యులర్ కదిలింది. ఇకమీదట పుట్టినతేదీకి ఆధార్ కార్డు రుజువు కాదట. ఈ కార్డు మనిషిని గుర్తుపట్టడానికే తప్ప వయసు తేల్చడానికి కాదని ఆధార్ సంస్థే 2023 డిసెంబరు 22న చెప్పింది కాబట్టి, పీఎఫ్ వాళ్లు తమ జాబితాలోంచి దాన్ని కొట్టేశారు.

అంతకు ముందురోజు, సంక్రాంతి నాటితో, జమిలి ఎన్నికల మీద మాజీ రాష్ట్రపతి కోవింద్ గారి కమిటీకి జనం సలహాలు పంపే గడువు అయిపోయింది. పీఎఫ్ కబురు రెండు రోజుల ముందు తెలిసినా నేనూ ఒక సలహా రాసి పడేసేవాణ్ణి. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు అన్నారు, బాగుంది. ఒకే దేశం, ఒకే ఎన్నిక అంటున్నారు, చూద్దాం. కానీ ఒకే దేశం, ఒకే పుట్టినరోజు అన్న మహాయజ్ఞం పదమూడేళ్లుగా చడీచప్పుడూ లేకుండా సాగిపోతుంటే, దాన్ని సగంలో ఆపుతారా?

ఎంత సులువైన పద్ధతి అది! నమోదు కేంద్రానికి వెళ్లిన మనిషి తేదీ తెలియదంటే వయసు అడుగుతారు. ‘యాభై ఉంటాయేమో’ అంటే చాలు. కంప్యూటరు వెనక్కి లెక్కేసి ఏడాది తేలుస్తుంది, దాని ముందు జనవరి 1 తగిలిస్తుంది. నొప్పులు లేవు, మంత్రసాని లేదు, పురుడు లేదు. 2017లో హరిద్వార్ దగ్గర గైండీఖాతా అనే ఊళ్లో వందల కుటుంబాలకి ఇదే తేదీ పడిందని పత్రికలు రాస్తే దేశమంతా నవ్వింది. నవ్వాల్సింది కాదు. ఆ ఊరిని ఆదర్శ గ్రామంగా ప్రకటించాల్సింది.

ఇది ఎక్కడా లేని వింతేం కాదు. దక్షిణ కొరియాలో మొన్నమొన్నటి దాకా బిడ్డ పుట్టగానే ఒకటో ఏడు. ఆపైన ప్రతి జనవరి 1కీ దేశమంతటికీ తలా ఒక ఏడు. డిసెంబరు 31 రాత్రి పుట్టిన పసిగుడ్డుకి తెల్లారేసరికి రెండేళ్లు! 2023 జూన్ 28 నుంచి కొత్త చట్టం తెచ్చి, అధికారిక పనులకి ఆ లెక్క మానుకున్నారు. దేశం దేశమంతా ఒక్క పూటలో ఏడాదో రెండేళ్లో చిన్నదైపోయింది. వాళ్లు వదిలేసిన లెక్కని మనం ఉన్నపళంగా ఎత్తుకోవచ్చు. మనుషులతో పోలిక ఎందుకు అంటారా, గుర్రాలున్నాయి. ఉత్తరార్ధగోళంలో జాతి రేసుగుర్రం ఏ నెలలో పుట్టినా దాని వయసు పెరిగేది జనవరి 1నే. ఇంతవరకూ ఒక్క గుర్రం కూడా అభ్యంతరం చెప్పలేదు.

అసలు వయసు విషయంలో మనకు పట్టింపులు ఎప్పుడున్నాయి గనక? మన వయసులు రెండు రకాలు: నిండినవి, నడుస్తున్నవి. పెళ్లిచూపుల్లో ‘ముప్పై ఇంకా నిండలేదండీ’. పింఛను దగ్గర ‘అరవై నడుస్తోందండీ’. నాలుగు నక్షత్రాల జనరల్ వీకే సింగ్ గారికే పుట్టింది 1950 మేలోనా, 1951 మేలోనా అన్న తగువు 2012లో సుప్రీంకోర్టు గుమ్మం దాకా వెళ్లింది. భుజం మీద నాలుగు నక్షత్రాలుండీ ఆయనకే జన్మనక్షత్రం దగ్గర చిక్కొచ్చిందంటే, మనమెంత?

అందరికీ ఒకే రోజైతే ఆ గొడవలే లేవు. పుట్టినరోజు మర్చిపోయాడని మొగుడి మీద అలిగే పెళ్లాం ఉండదు. న్యూమరాలజీ వాళ్లకి కూడికలు తగ్గుతాయి. రోజు ఒకటి, నెల ఒకటి. ముఖ్యంగా మన రెండు రాష్ట్రాలకి ఫ్లెక్సీల పీడ విరగడవుతుంది. ఎమ్మెల్యే గారికి, వారి బావమరిదికి, బావమరిది స్నేహితుడికి వేర్వేరు రోజుల్లో సెంటరు మూసేయక్కర్లేదు. ఏడాదికి ఒక్కటే ఫ్లెక్సీ, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా. అందులో అందరికీ తలా ఒక పాస్‌పోర్టు సైజు ఫొటో. మధ్యలో పెద్ద ఫొటో ఎవరిదన్నది మాత్రం కమిటీ తేలుస్తుంది.

సరే, ఈ బంగారం లాంటి తేదీని కాదని పీఎఫ్ వారు దేన్ని నమ్మారు? జాబితాలో జనన ధ్రువపత్రం, పాన్ కార్డు, పాస్‌పోర్టులతో పాటు బడి సర్టిఫికెట్ పెట్టారు. బడి సర్టిఫికెట్‌లో తేదీ ఎలా పడిందో నా ఈడువాళ్లని ఎవర్నయినా అడగండి. మా నాన్న నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళితే, హెడ్మాస్టరు గారు నా కుడిచెయ్యి నెత్తిమీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమన్నారు. చెవి అందింది. అంటే అయిదు నిండాయి. వెంటనే రిజిస్టరులో జూలై 1 వేశారు. మా క్లాసులో సగం మందికి అదే తేదీ. ఒకటో తారీఖున పుట్టినవాడు రూలు ప్రకారం అంతకు ముందు నెలాఖరుకే రిటైరవుతాడు గనక, ఏటా జూన్ 30న ఆఫీసుల్లో శాలువాలకి కరువొస్తుంది. పది వేళ్లూ రెండు కళ్లూ చూసి ఇచ్చిన కార్డు చెల్లదు, ఒక్క చెవి చూసి ఇచ్చిన కాగితం చెల్లుతుంది!

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. పండగ సెలవు పొడిగించుకుని ఊళ్లోనే ఉండిపోవడం పొరపాటైంది.

గురువారం పొద్దున మాకు పాలుపోసే మామ్మ వచ్చింది. మాది దివిసీమ. ఆమెకి తేదీలు తెలియవు, ఉప్పెన తెలుసు. “ఉప్పెనొచ్చిన రాత్రి మా పెద్దోడు సంకలో ఉన్నాడు బాబూ. ఏడాది కూడా నిండలేదు. తాటిచెట్టుకి కోకతో కట్టేసుకున్నా” అని చెబుతుంది. ఆ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. ఆధార్ రాసిన కుర్రాడికీ ఇదే చెప్పిందట. అతను ఉప్పెన తర్వాత పుట్టినవాడు. మనిషిని ఎగాదిగా చూసి, నల్లగా ఉన్న జుట్టు చూసి, 01-01-1966 అని కొట్టాడు.

లెక్క వేసుకోండి. కార్డు ప్రకారం ఉప్పెన రాత్రి ఆమెకి పదకొండేళ్లు. పదకొండేళ్ల పిల్ల, చంకలో సొంత కొడుకు! తల్లి కార్డూ కొడుకు కార్డూ పక్కపక్కన పెడితే ఇద్దరికీ మధ్య పదకొండేళ్లు. ఆ రెండు కార్డులూ ఒకే రేషన్ కార్డులో ఎక్కాయి. చూసిన ఒక్క ఆఫీసరుకీ సిగ్గనిపించలేదు.

2024 జనవరి నుంచి వృద్ధాప్య పింఛను మూడు వేలయింది. అరవై నిండాలి. కార్డులో ఆమెకి అప్పటికి యాభై ఎనిమిది. తేదీ మార్పించుకుందామంటే కాగితం కావాలి. జనన మరణాల నమోదు చట్టమే 1969లో వచ్చింది, ఆమె అంతకు ముందు గుడిసెలో పుట్టింది. బడి మెట్టు ఎక్కలేదు, కాబట్టి చెవి అందిందో లేదో చూసినవాడు లేడు.

“ఆ కార్డులో తేదీ చెల్లదని ఢిల్లీవాళ్లే చెప్పారు మామ్మా” అన్నాను పేపరు చూపించి.

“అయితే పింఛనిస్తారా బాబూ?”

నా దగ్గర జవాబు లేదు. పీఎఫ్ వేరు, పింఛను వేరు, కేంద్రం వేరు, రాష్ట్రం వేరు అని వివరించబోయి ఊరుకున్నాను. ఆమెకి సర్కారంటే ఒకటే సర్కారు. ఆమె అనుకునేదే న్యాయం. ఈ తేదీ రుజువు కాదని తెలిసినవాళ్లు, ఈ తేదీని చూపించి ఎవరెవరి నోటి దగ్గర కూడు ఆపారో వాళ్ల పేర్లు తీయలేరా? తప్పు తేదీ వేసినవాడు మీ మనిషి, తప్పని చెప్పింది మీరు, కాగితం తెచ్చి దిద్దించుకోవాల్సింది మాత్రం తాటిచెట్టుకి కట్టేసుకుని బతికిన ముసల్దా? ఇచ్చేచోట చెల్లని తేదీ, ఎగ్గొట్టేచోట ఎలా చెల్లుతోంది?

ఒకే పుట్టినరోజు సలహా వెనక్కి తీసుకుంటున్నాను. తేదీ ఏ అబద్ధమైనా రాసుకోండి. ఆమె చెప్పే ఉప్పెనని మాత్రం రుజువుగా రాసుకోండి. ఆ రాత్రికి మీ కంప్యూటరులో లేనంత మంది సాక్షులున్నారు. చాలామంది అక్కడే మట్టిలో ఉన్నారు.