పద్మినికి పీఓహెచ్

కారుకు రంగు వేయించడం పెద్ద పనేం కాదు. డబ్బులిస్తే ఎవరైనా వేస్తారు. రంగు పడేముందు దాని బీడింగులు, మోనోగ్రాములు, గ్రిల్లు, బంపర్లు ఊడదీయాలి చూడండి, అక్కడ బయటపడతాయి ఇంట్లోవాళ్ల అసలు గుణాలు.

మాది ప్రీమియర్ పద్మిని. బొంబాయి కుర్లా సంతానం. ఈ మోడల్ 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చి, తర్వాత ప్రెసిడెంట్ అయి, ఆ పదవీ పోయాక చిత్తోడ్ రాణిగారి పేరు పెట్టుకుంది. ప్రెసిడెంటుగిరీ దిగి రాణి అయిన వైనం చరిత్రలో ఇంకెక్కడా లేదనుకుంటాను. బుక్ చేసి ఏళ్లతరబడి కాచుకున్న రోజుల్లో మా మామగారు కొన్న బండి. నాకు తాళాలిచ్చారు గానీ పెత్తనం ఇవ్వలేదు.

ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యారు. నిర్ణీత కాలానికోసారి రైలుపెట్టెను చక్రాల మీంచి ఎత్తి, అమరికలు విప్పి, తుప్పు గోకి, రంగేసి, ఆ తేదీని పెట్టె చివరి గోడమీద రాసి పంపడాన్ని అక్కడ పీఓహెచ్ అంటారు. ఈసారి రైలెక్కేటప్పుడు చూడండి, కనిపిస్తుంది. పీఓహెచ్ అక్కర్లేని వస్తువు ఈ సృష్టిలో లేదని మామగారి నమ్మకం. మా అత్తగారి మోకాళ్లతో సహా.

బోయినపల్లి వైపు ఒక షెడ్డుకు తీసుకెళ్లాం. ఉస్తాద్ బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "నికాల్నా కైకూ సాబ్? టేప్ మార్ దేతూ" అన్నాడు. అంటే బీడింగు మీద మాస్కింగ్ టేపు అంటించి, గ్రిల్లుకు పాత పేపరు కప్పి, మిగతాదంతా కొట్టేస్తాడన్నమాట. వారం పాటు మిలమిలలాడుతుంది. కానీ టేపు అంచున రంగు గట్టు కడుతుంది, గట్టు కిందికి నీళ్లు దిగుతాయి, రెండు వానాకాలాలు తిరిగేసరికి పెచ్చులు లేస్తాయి. అతన్నీ అనలేం. పాత బండి క్లిప్పు విరిగితే కొత్తది ఎక్కణ్ణించి తెస్తాడు?

"అల్లుడుగారూ, బండి ఇంటికి పట్టండి. మనమే విప్పుదాం" అన్నారు మామగారు.

మనమే అంటే మారేడ్‌పల్లిలో మా వాకిట్లో ఆయన కుర్చీలో, నేను బంపరు కింద. బంపరు బోల్టుకు గుండ్రటి తల, దాని కింద చదరపు మెడ. ఆ మెడ రంధ్రంలో బిగుసుకుని బోల్టు తిరక్కుండా ఆపాలి. తుప్పు ముందు తినేది దాన్నే. ఇక పానా ఎంత తిప్పితే బోల్టూ అంత తిరుగుతుంది. రాత్రంతా నూనెలో నాననిచ్చి, పొద్దున మళ్లీ బతిమాలుకోవాలి. బీడింగుది ఇంకో తరహా. ఒక కొస పట్టి లాగామా, వంకరపోతుంది, మళ్లీ తిన్నగా రాదు. స్క్రూడ్రైవరు మొనకు టేపు చుట్టి, ఒక్కో క్లిప్పు దగ్గరా కాస్త కాస్త లేపుకుంటూ పోవాలి.

విప్పిన ప్రతి స్క్రూకీ మామగారు నంబరు వేసి రిజిస్టరులో ఎక్కించారు. నిల్వకు వంటింటి పోపులపెట్టె వచ్చింది. ఆవాల గిన్నెలో గ్రిల్లు స్క్రూలు, జీలకర్ర గిన్నెలో క్లిప్పులు, మెంతుల గిన్నెలో వాషర్లు. చారుకు తిరగమోత లేకుండా పోయింది. మా ఆవిడ తండ్రిని అనలేక నన్నంది.

తర్వాత ఎడమ తలుపు బీడింగు ఊడింది. బండి క్రీము రంగుది. బీడింగు కింద కూడా క్రీమే ఉండాలి కదా? లేదు. కంపెనీవాళ్లు వేసిన బూడిదరంగు, వేసింది వేసినట్టే, అంచుల్లో టేపు గట్టుతో సహా. "దగ్గరుండి ప్రతి ముక్కా విప్పించి రంగేయించాను" అని పెళ్లిచూపుల నాటినుంచీ మామగారు చెబుతూ వచ్చిన రంగు ఇదే. ఆయన ఆ గీతను తేరిపార చూశారు.

"ఆ రోజు నాకు నైట్ డ్యూటీ" అన్నారు.

ఆర్సీ తీస్తే అందులోనూ గ్రే అనే ఉంది. బండి రంగు మారిస్తే రవాణా శాఖకు చెప్పి ఆర్సీలో ఎక్కించుకోవాలి. జన్మలో ప్లాట్‌ఫాం టికెట్ లేకుండా స్టేషన్లో కాలుపెట్టని మనిషి ఇన్నేళ్లూ తిరుమలగిరి ఆర్టీఏ ఆఫీసు ముందునుంచే అక్రమ క్రీములో దర్జాగా తిరిగారన్నమాట. ఏ రంగు వేయాలన్న తగువు దాంతో తెగిపోయింది. గ్రే. డిక్కీ మూలన పీఓహెచ్ తేదీ కూడా రాయిస్తానంటున్నారు. మళ్లీ ఎప్పుడు విప్పాలో ఆ తేదీ కూడా.

2023 అక్టోబరులో బొంబాయి ఆఖరి పద్మిని టాక్సీ రోడ్డు దిగినప్పుడు అందరూ అయ్యో అన్నారు, మామగారు మాత్రం స్పేర్లు చవకవుతాయని లెక్కలేసుకున్నారు. అవలేదు. క్లిప్పులు రాణిగంజ్‌లో దొరికాయి, పద్మినివి కాకపోయినా పడతాయి. కుడి వెనక తలుపు బీడింగు మాత్రం అసలు లేదు. దాని చోట ఎవరో వెండిరంగు స్టిక్కరు అంటించి వదిలారు. అదీ ఆ నైట్ డ్యూటీ నాటిదే అయ్యుంటుంది. మీ అటక మీద పద్మిని బీడింగు ఏదైనా పడుంటే కబురు పెట్టండి, ధర మనం మనం మాట్లాడుకుందాం. మామగారు అడిగితే మాత్రం, అది మొదట్నుంచీ మా బండిదేనని చెప్పండి.