పీసీఓఎస్ అని తేలిందా? కుర్చీ దిగకుండా నెగ్గుకొచ్చే తొమ్మిది చిట్కాలు

మాదాపూర్‌లో పరీక్షలయ్యాయి, రిపోర్టులో పీసీఓఎస్ అని వచ్చింది. కంగారు పడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఈ సమస్య ఉన్నవాళ్లలో 70 శాతం దాకా తమకది ఉందని తెలియకుండానే బతికేస్తున్నారు. ఆ ప్రశాంతత మీకూ దక్కాలి. సైబర్ టవర్స్ నుంచి నానక్‌రాంగూడ దాకా ఏ ఫ్లోర్‌లోనైనా పనికొచ్చే పద్ధతి ఇది: ఏమీ చేయకూడదు, చేస్తున్నట్టు కనబడాలి.

1. రిపోర్టును మాయం చేయండి. ఫోన్‌లో ఫొటో తీసి, వైట్‌బోర్డు ఫొటోలకీ బిర్యానీ ఆర్డర్ల స్క్రీన్‌షాట్లకీ మధ్య కలిసిపోనివ్వండి. కాగితాన్ని ల్యాప్‌టాప్ బ్యాగులో టిఫిన్ బాక్సు కింద పెట్టండి. నెల తిరిగేసరికి సాంబారు మరక పడి అంకెలు వాటంతటవే చెరిగిపోతాయి.

2. జబ్బే లేదని వాదించండి. స్కాన్‌లో నీటి బుడగలు కనబడకపోతే పని ఇంకా తేలిక. నెలసరి సరిగా రాకపోవడం, మగ హార్మోన్లు ఎక్కువవడం, స్కాన్‌లో అండాశయాలు బుడగలతో కనబడటం, ఈ మూడింట్లో ఏ రెండున్నా చాలని 2003లో రోటర్‌డామ్‌లో నిపుణులు తేల్చారు. ఆ మాట ఎత్తకండి. గడ్డం మీద రోమాలకు థ్రెడింగ్, మెడ మీది నల్లటి మందపు చర్మానికి స్క్రబ్బు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదని మెడ చెబుతోంది. ఎర్రబడేదాకా రుద్దితే ఊరుకుంటుంది.

3. అపాయింట్‌మెంట్ తీసుకోండి, వెళ్లకండి. శుక్రవారం రాత్రి ‘ప్రొడక్షన్ ఇష్యూ’ అని మెసేజ్ పెట్టండి. వచ్చే నెల ‘రిలీజ్ ఉంది’, ఆ పై నెల ‘అప్రైజల్ అయ్యాక’. షికాగోలో స్టెయిన్, లెవెంథాల్ అనే డాక్టర్లు దీని గురించి 1935లోనే రాశారు. ఇన్నేళ్లు ఆగిన జబ్బు మీ అప్రైజల్ దాకా ఆగదా?

4. నెలసరి రాకపోతే పండగ చేసుకోండి. ప్యాడ్ల ఖర్చు మిగులు, గోవా ట్రిప్పుకి అడ్డం లేదు. మూడు నెలలకు మించి ఆగితే గర్భాశయం లోపలి పొర మందమవుతుందనీ, ఏళ్ల తరబడి వదిలేస్తే అక్కడ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందనీ, మందులతో నెలసరి రప్పించాలనీ డాక్టరమ్మ అంటారు. మందంగా ఉంటే మన్నిక ఎక్కువని సర్దిచెప్పుకోండి. డేట్లు ఎక్కడా రాసిపెట్టకండి. అడిగితే ‘మొన్నీమధ్యే వచ్చింది మేడమ్’ అనండి.

5. షుగర్ టెస్టు సగంలో ఆపండి. 75 గ్రాముల గ్లూకోజు తాగి రెండు గంటలు కూర్చోమంటారు. క్లయింట్ కాల్ ఉందని లేచి వచ్చేయండి. పరగడుపు షుగర్ మామూలుగా ఉంటే అదే ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. గ్లూకోజు తాగాక పైకెగబాకే షుగరు ఆ అంకెలో దొరకదు. బీపీ, కొలెస్ట్రాల్ మాట వస్తే అవి నాన్న వయసువాళ్లకని తేల్చేయండి.

6. మందుని మొదటి రోజే ఓడించండి. మెట్‌ఫార్మిన్ రాసిస్తే ఖాళీ కడుపుతో వేసుకోండి. వికారం రాగానే ‘నాకు పడలేదు’ అని మానేయండి. తిన్నాక వేసుకోవడం, తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం లాంటివి అడిగి తెలుసుకోకండి. పీజీలో పక్క మంచం అమ్మాయి మాత్రలు ఉండనే ఉన్నాయి, తనకి పడ్డాయిగా! మెంతులు మాత్రం రోజూ రాత్రి నానబెట్టండి, పొద్దున్నే సింకులో పారబోయండి. గ్లాసు నలుగురికీ కనబడితే చాలు.

7. నడక వేరేవాళ్లకి అప్పగించండి. వారానికి కనీసం 150 నిమిషాల నడక కావాలంటారు. ఆఫీసు స్టెప్స్ ఛాలెంజ్‌లో చేరి, మీ వాచీని పీజీలో వంటచేసే అక్క చేతికి కట్టండి. ఆమె గిన్నెలు మోస్తూ మూడంతస్తులు ఎక్కి దిగుతుంటే లీడర్‌బోర్డులో మీ పేరు పైకెళ్తుంది. ఆదివారం కొత్తగూడ బొటానికల్ గార్డెన్ గేటు ముందు బూట్లు ఫొటో తీసి, తిన్నగా నెయ్యి కారం దోసెకి వెళ్లండి. ఉన్న బరువులో ఐదు శాతం తగ్గినా నెలసరి దారిలో పడొచ్చంటారు. అంత చిన్న లక్ష్యం మీకెందుకు? ముప్పై కిలోలు తగ్గాలని రాసుకోండి, మొదలుపెట్టకండి.

8. తిండీ నిద్రా తలకిందులు చేయండి. అమెరికా షిఫ్టు మీకు వరం. పొద్దున ఏమీ తినకండి, దానికి డైట్ అని పేరు. రాత్రి పదకొండుకి బిర్యానీ, రెండింటికి గచ్చిబౌలి డీఎల్‌ఎఫ్ ఎదురుగా ఏది వేడిగా ఉంటే అది. రాగి లడ్డూలకు లెక్క లేదు, రాగి కాబట్టి. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉందని తేలింది. 2025లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నలుగురితో పాటు నారాయణా! పీసీఓఎస్ ఉంటే ఆ ముప్పు మరింత ఎక్కువ, కాబట్టి మీకు ముందు వరసలోనే సీటు.

9. ఇంట్లో ఎవరేమన్నా నమ్మండి. అమ్మ ‘పెండ్లయితే అన్నీ సక్కగైతయి బిడ్డా’ అంటే తలూపండి. పెద్దమ్మ ‘ఇదుంటే పిల్లలు కారు’ అంటే దానికీ తలూపండి. పిల్లలు కారన్నాక జాగ్రత్తలెందుకు? అండం అప్పుడప్పుడూ విడుదలవుతూనే ఉంటుంది కాబట్టి వద్దనుకున్న నెలలోనే కడుపు నిలవొచ్చు. కావాలనుకున్నప్పుడు మాత్రం, లెట్రోజోల్ లాంటి మాత్రలతోనే చాలామందికి గర్భం వస్తుందని విచారించకండి. నేరుగా పర్సనల్ లోన్ తీసి ఐవీఎఫ్‌కి కట్టండి. ఊరికే ఏడుపొస్తే మేనేజర్ మీద పెట్టండి. దిగులుగా ఉంటోందా అని డాక్టరమ్మ అడిగితే ‘అయామ్ ఫైన్’ అని నవ్వండి.

ఇలా కొన్నేళ్లు నిలకడగా సాగితే టైప్ 2 షుగరు, బీపీ, ఫ్యాటీ లివర్, బయాప్సీ దాకా వెళ్లిన గర్భాశయం, అన్నీ ఒకే ఫైలులోకి వస్తాయి. ఒక్కోదానికి విడివిడిగా సెలవడిగే బాధ ఉండదు, అన్నింటికీ కలిపి ఒకేసారి మెడికల్ లీవు దొరుకుతుంది. అప్పుడు ఏ మేనేజరూ కాదనలేడు. ఈ రోజే మొదలుపెట్టండి. అపాయింట్‌మెంట్ శనివారం పొద్దున పదింటికైతే, క్యాన్సిల్ మెసేజ్ ఇప్పుడే టైప్ చేసి పెట్టుకోండి.