ఎనిమిది ఆకుల చక్రం

ఈ కథ చెబుతున్నది ఒక బిళ్ళ. రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దది. ఎరుపూ ముదురు నీలమూ పూసిన రేకు, వెనక తుప్పు పట్టిన పిన్నీసు. ప్రస్తుతం అండమాన్ దీవుల్లో, జంగ్లీఘాట్‌లో ఒక చేపలమ్మే ముసలామె ఇంట్లో, తక్కెడ పక్కన మేకుకి వేలాడుతోంది. ఆత్మకథ కాబట్టి ‘నేను’ అని మొదలుపెట్టాలి. కానీ ఎన్‌ఎస్‌ఎస్‌లో, అంటే జాతీయ సేవా పథకంలో, నేర్పే మొదటి పాఠమే ‘నేను కాదు, నువ్వు’. ఆ మాట కింద పుట్టినందుకు తన సంగతి చెప్పుకోవాల్సి వచ్చినా ‘ఈ బిళ్ళ’ అనే అంటుంది.

దీని వంశం 1969 సెప్టెంబరు 24న మొదలైంది. గాంధీజీ శతజయంతి సంవత్సరం. అప్పటి కేంద్ర విద్యాశాఖ మంత్రి వి.కె.ఆర్.వి.రావు 37 విశ్వవిద్యాలయాల్లో, 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1961లో, అమెరికా పీస్ కోర్ పెట్టి తన యువతను రెండేళ్ళపాటు పరదేశాలకు పంపడం మొదలుపెట్టింది. మన పథకం అంత దూరం పంపదు. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఒక ఏడు రోజుల శిబిరం, అంతే. గుర్తుగా ఎంచుకున్నది కోణార్క సూర్యుడి రథచక్రం. దానికి ఎనిమిది ఆకులు. ఒక్కో ఆకు ఒక్కో జాము. అంటే రోజంతా సేవకు సిద్ధమని చక్రం చెబుతుంది. హాజరు పుస్తకం మాత్రం ఏడాదికి 120 గంటలు చాలంటుంది.

ఈ బిళ్ళ మొదట చేరింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అమ్మాయి దగ్గరికి. కవిటి దగ్గర పల్లె, ఇంటి చుట్టూ జీడి, కొబ్బరి తోటలు. డిగ్రీ రెండో సంవత్సరం. 2017 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్‌లో శిబిరం అంటే పేరిచ్చింది. విశాఖపట్నం నుంచి దాదాపు 1,200 కిలోమీటర్లు, రెండున్నర రోజుల ప్రయాణం. షిప్పులో బంక్ క్లాసు. మొదటి రాత్రంతా బకెట్టు పక్కనే. మూడో రోజు హడ్డో రేవులో దిగేసరికి నేల కూడా ఊగుతున్నట్టే ఉంది. సాయంత్రం అయిదు దాటీ దాటగానే చీకటి పడింది. దీవులు తూర్పున ఎంతో దూరాన ఉన్నా గడియారం మాత్రం మెయిన్‌ల్యాండ్‌దే మరి. చక్రంలోని జాములకీ ఇక్కడి పొద్దుకీ పొత్తు కుదరలేదని ఈ బిళ్ళకి ఆ రోజే తెలిసింది.

శిబిరం మూడో నాడు ఉదయం శ్రమదానం జంగ్లీఘాట్ ఒడ్డున. ఒక పక్క డింగీలు, ఒక పక్క వేలంపాట, ఐసు పెట్టెలు, రాత్రి దిగిన సూర్మయి. ఒడ్డు పొడుగునా నైలాను వల ముక్కలు, థర్మోకోల్ పెంకులు, సీసాలు. పిల్లలు గోనె సంచులు పట్టుకుని వరసగా వంగారు. ఆ అమ్మాయి గ్లవ్సు తొడుక్కుని, ‘సేవ’ అనే మాట మొహం మీద రాసుకున్నట్టే నడిచింది. ఇక్కడి వాళ్ళతో మాట్లాడాలని హిందీ వాక్యాలు నాలుగు కాగితం మీద రాసుకొచ్చింది కూడా.

ఆ కాగితం అవసరం పడలేదు.

“ఏ ఊరే గుంటా మీది?” అని వెనక నుంచి వినిపించింది.

ఉలిక్కిపడి చూసింది. బుట్ట ముందు కూర్చున్న ముసలామె. ఊరు చెప్పగానే, “ఓలమ్మ! మాది బావనపాడే!” అని నోరు నొక్కుకుంది.

ఆశ్చర్యపోవలసిన పని లేదని తరవాత తెలిసింది. స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలలతో వచ్చిన కుటుంబాలు ఈ రేవు చుట్టూ స్థిరపడ్డాయి. 2011 లెక్కల్లో దీవుల జనం 3,80,581. అందులో నూటికి పదముగ్గురికి పైగా తెలుగువాళ్ళు. అమ్మాయి సముద్రం దాటి పరాయిచోటికి వచ్చాననుకుంది. వచ్చింది తన జిల్లాకే.

“ఏటి పని మీద వొచ్చినావు?”

“సేవ చెయ్యడానికి, మామ్మా.”

“సేవేటి? ముందు తిన్నావేటి?”

ఇంతలో మామ్మ కళ్ళు చొక్కా మీద ఆగాయి. లేచి దగ్గరికి వచ్చి, చేపల పొలుసు అంటిన వేలితో ఈ బిళ్ళని తడిమింది. “ఇదే సెక్రం” అంటూ పాత సంగతి చెప్పింది.

2004 డిసెంబరు 26, ఆదివారం. తెల్లవారి ఆరున్నర కావస్తుండగా నేల ఊగింది. సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో వచ్చిన భూకంపం అది. తరవాత నీళ్ళు. జంగ్లీఘాట్ జెట్టీ దెబ్బతింది. పోర్ట్ బ్లెయిర్ నేలే దాదాపు మీటరు కుంగింది. సిప్పీఘాట్‌లో పొలాలు ఉప్పునీటి కిందకి పోయి మళ్ళీ పైకి రాలేదు. మామ్మ ఇల్లు మునిగింది. మనవడిని చంకనేసుకుని ఒక బడి గదిలో మూడు రాత్రులు గడిపింది. రెండో రాత్రి ఒక కుర్రాడు బేసిన్‌తో అన్నం తెచ్చాడు. చొక్కాకి ఈ చక్రమే. పిల్లాడికి తినిపించి తలెత్తి చూస్తే లేడు. ఎవరి బిడ్డో, ఏ భాష వాడో, పేరేమిటో అడగలేదు. పదమూడేళ్ళుగా మామ్మకి అదే దిగులు. అన్నం పెట్టినవాడి పేరు అడగకుండా తినేశానని. అప్పటి నుంచి రేవులో ఈ చక్రం కనబడితే వదలదు.

శ్రమదానం నాటి మధ్యాహ్నం మామ్మ ఇంట్లో కవళ్ళ పులుసు. చింతపండు పులుపు అచ్చం ఉద్దానం పులుపే. అమ్మాయి ముద్ద కలిపింది గానీ మింగుడు పడలేదు. తను తీసింది రెండు సంచుల చెత్త. తింటున్నది ఎవరో కుర్రాడికి చెల్లాల్సిన అన్నం. “మామ్మా, అది నేను కాదు కదా” అంది. “తెలుసులే, తిను” అంది మామ్మ, ఇంకో గరిటె వేస్తూ.

షిప్పెక్కే రోజు అమ్మాయి పిన్నీసు విప్పి ఈ బిళ్ళని మామ్మ చేతిలో పెట్టింది. ఫోన్ నంబరు గోడ మీద బొగ్గుతో రాసింది. ఈ బిళ్ళ మేకెక్కింది.

పది నెలలు గడిచాయి. 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేర్లతో సహా పడిపోయాయి. ముప్ఫై నలభై ఏళ్ళ తోటలు ఒక్క రాత్రిలో నేలమట్టం. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మామ్మ రోజూ గోడ దగ్గర నిలబడి మనవడి చేత నంబరు నొక్కించింది. చాలా రోజులకి కలిసింది. స్పీకరులో వినబడిందంతా ఈ బిళ్ళ విన్నది.

తోట మొత్తం పోయిందట. ఇల్లు నిలిచిందట. నీళ్ళ ప్యాకెట్ల కోసం అమ్మాయి వరసలో నిలబడిందట. ఇచ్చేవాళ్ళ వరసలో కాదు, పుచ్చుకునేవాళ్ళ వరసలో.

“నీల్లు ఎవులు తెచ్చినారే?” అంది మామ్మ.

“వేరే జిల్లా కాలేజీ పిల్లలు. ఒకబ్బాయి చొక్కాకి నీ మేకు మీదున్న బిళ్ళే ఉంది.”

“పేరడిగినావా?”

“అడిగాను మామ్మా. ముందు అదే అడిగాను.”

“అన్నం ఎట్టినావా?”

“పొయ్యి ఎక్కడ వెలిగింది? బొండాలు కొట్టి ఇచ్చాం. చెట్లన్నీ కిందే పడున్నాయి కదా, ఎక్కే పని లేకుండానే చేతికి అందాయి.”

మామ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత ఆ అబ్బాయి పేరు మళ్ళీ చెప్పమంది. మనవడి చేత గోడ మీద, నంబరు కింద, బొగ్గుతో రాయించింది.