చెవి లేకుండా తాళం తియ్యడం ఎలా?

తాళాలు తియ్యడం సరదాగా నేర్చుకుందామనుకుంటున్నారా, శుభం. ఈ విద్యలో నాకు మూడు నెలల అనుభవం ఉంది. ఇంతవరకు ఒక్క తాళమూ తియ్యలేదనుకోండి. పెళ్ళికాని పేరయ్యలు ఎన్ని సంబంధాలు కుదర్చడం లేదు!

ముందుగా ఏ తాళం మీద చెయ్యి చేసుకోవాలో తేల్చుకోవాలి. ఈ సరదా ఉన్నవాళ్ళు ఎక్కడైనా రెండు నియమాలు పెట్టుకుంటారు. తనది కాని తాళం ముట్టుకోకూడదు. తనదే అయినా వాడుకలో ఉన్నది ముట్టుకోకూడదు. పాత ఇనుప సామాన్ల కొట్లో ఓ తాళం కొనుక్కుని, బల్లకు బిగించుకుని, దానితో కుస్తీ పట్టాలట. ఈత నేర్చుకోవడానికి బకెట్‌లో దిగినట్టుంటుంది. మీరు తిన్నగా వీధి తలుపుకున్న నైట్ ల్యాచ్ దగ్గరికే వెళ్ళండి. చెడితే ఇంటిల్లిపాదీ బయట నిలబడాలన్న భయం ఉంటేనే ఏకాగ్రత కుదురుతుంది.

లోపలిదంతా పైకి కనపడేలా ప్లాస్టిక్‌తో చేసిన తాళాలు కూడా అమ్ముతారు. మా అల్లుడు ఒకటి తెప్పించి పెట్టాడు. దాన్ని చూస్తే సంగతంతా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. చెవి దూరే బారెల్‌లోకి పైనుంచి దిగిన ఐదారు జంటల పిన్నులు, వాటి నెత్తిన స్ప్రింగులు. ఒక్కో జంటలో కింది పిన్నుది ఒక్కో పొడవు. సరైన చెవి దూర్చగానే దాని పళ్ళు ప్రతి జంటనీ కావలసినంతే ఎత్తుతాయి. జంటల మధ్య ఉన్న అతుకులన్నీ బారెల్ అంచు దగ్గర ఒకే వరుసలోకి వస్తాయి, బారెల్ తిరుగుతుంది. అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంటు తీసుకున్న ఈ ఏర్పాటే ఇవాళ మన తలుపుల్లోనూ ఉంది. కానీ అంతా కళ్ళతో చూస్తూ చేస్తే మజా ఏముంది? మనవడికి ఆడుకోమని ఇచ్చేశాను. వాడు సాయంత్రానికల్లా తీసేశాడు. చిన్నపిల్లలకు వేరే పనేముంటుంది!

పనిముట్లకు డబ్బు తగలెయ్యకండి. కావలసినవి రెండే: పిన్నులెత్తడానికి ఒక హుక్కు, బారెల్‌ని తిప్పి పట్టుకోవడానికి ఒక వంకర పట్టీ. తాళాలు బాగుచేసేవాళ్ళు హాక్సా బ్లేడు సానపట్టి హుక్కు చేసుకుంటారు. మీకా శ్రమ దేనికి? అద్దం ముందు చెంపపిన్నులు డబ్బాడున్నాయి. సినిమాల్లో వాటితోనే తీస్తారు.

ఇక అసలు కిటుకు. ఆ పట్టీ మీద మీ బలమంతా పెట్టండి. తెలిసినవాళ్ళు సరిగ్గా దీనికి ఎదురు చెబుతారు. ఏ ఫ్యాక్టరీలోనూ పిన్నుల కన్నాలు వెంట్రుకవాసి తేడా లేకుండా పడవట. అందుకని పట్టీని చిటికెన వేలి బరువుతో తిప్పి పడితే ఒకసారికి ఒకే పిన్ను బిగుసుకుంటుంది. దాన్ని వెతికి పట్టుకుని ఎత్తితే 'టిక్'మంటుంది, బారెల్ రవ్వంత కదులుతుంది, ఇంకో పిన్ను బిగుసుకుంటుంది. ఇలా అలిగిన చుట్టాలను ఒక్కొక్కరినీ బుజ్జగించి పంక్తికి పిలుచుకొచ్చినట్టు పిలుచుకురావాలి. వినడానికి బాగానే ఉంది గానీ, ఆ టిక్కు మన చెవిన పడాలంటే టీవీ కట్టెయ్యాలి. నేను సీరియల్ వచ్చే వేళకే సాధనకు కూర్చుంటాను. గట్టిగా మెలిపెడితే పిన్నులన్నీ ఒక్కసారే బిగుసుకుపోతాయి. ఏదీ కదలదు, ఏదీ పలకదు. తాళం మీకు లొంగిపోయిందనడానికి అదే గుర్తు.

నైట్ ల్యాచ్ విసుగెత్తితే గేటుకున్న తాళంకప్ప పట్టుకోండి. అలీగఢ్ సరుకు మీద '7 లివర్లు' అని గుద్ది ఉంటుంది చూడండి, అలాంటిది. దాంట్లో పిన్నులే ఉండవు. పలచటి రేకు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ప్రతి పలకా దాని ఎత్తుకు అది లేస్తే గానీ గడియ జరగదు. పిన్నుల తాళానికి చేసిన హుక్కు దాని ముందు దండగ. ఈ తేడా తెలియక నేను దసరా సెలవులన్నీ అందులో లేని పిన్నుల కోసం వెతికాను. వేళ్ళకు వచ్చిన వ్యాయామం మాత్రం ఇంతా అంతా కాదు.

తాళం మొరాయిస్తే కొబ్బరినూనె పొయ్యండి. పెన్సిల్ ములుకు గీకి ఆ గ్రాఫైట్ పొడి వేస్తే చాలనీ, నూనెకు దుమ్ము పట్టి జిగురవుతుందనీ అంటారు. నేను భాద్రపదంలో పోశాను, అప్పుడు వెన్నలా తిరిగింది. మార్గశిరం వచ్చాక సీసాలో నూనె ఎలా గడ్డకట్టిందో తాళంలోనూ అలాగే కట్టింది. ఆ తప్పు చలిది.

పెళ్ళి పందిళ్ళలో చెప్పడానికి కాస్త చరిత్ర కూడా తెలిసుండాలి. లండన్‌లో బ్రామా వాళ్ళ కొట్టు కిటికీలో ఒక తాళం ఉండేది. చెవి లేకుండా తీసినవాడికి 200 గినీలని పందెం. అరవై ఏళ్ళు దాటినా ఎవడివల్లా కాలేదు. 1851లో గ్రేట్ ఎగ్జిబిషన్‌కని అమెరికా నుంచి ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే ఆయన దిగాడు. ముందు చబ్ వాళ్ళ డిటెక్టర్ తాళం పట్టాడు. ఎవరైనా కెలికి లివరును మరీ పైకెత్తితే అక్కడే పట్టేసి, యజమాని రాగానే చాడీ చెప్పే తాళమది. దాన్ని 25 నిమిషాల్లో తీసేశాడు. తర్వాత బ్రామా తాళానికి 16 రోజుల మీద 51 గంటలు కూర్చుని, అదీ తీసి, పందెం డబ్బు పట్టుకెళ్ళాడు. లోకమంతా ఆయన్ని పొగుడుతుంది గానీ నాకది పెద్ద ప్రతిభగా తోచదు. ఒక తాళానికి 51 గంటలా? నేను ఏ తాళం ముందూ పది నిమిషాలకు మించి కూర్చుని ఎరగను.

గురువును మాత్రం పెట్టుకోకండి. ఫ్రాన్సు రాజు పదహారో లూయీకి తాళాల పనంటే ప్రాణం. ఫ్రాంస్వా గామెన్ అనే తాళాల పనివాడి దగ్గర నేర్చుకున్నాడు. టూయిలరీ భవనం గోడలో రహస్యంగా ఇనుప అర అమర్చుకోవడానికీ ఆయన సాయమే తీసుకున్నాడు. 1792 నవంబరులో ఆ గురువుగారే వెళ్ళి అర సంగతి బయటపెట్టాడు. అందులో దొరికిన కాగితాలు రాజు మెడకు చుట్టుకున్నాయి. 1793 జనవరి 21న ఆ మెడ కూడా పోయింది. అందుకే, మా వీధి చివర గొడుగులూ తాళాలూ బాగుచేసే పెద్దాయన "కూచోండి బాబుగారూ, చూపిస్తాను" అని ఎన్నిసార్లు పిలిచినా నేను కూర్చోలేదు.

ఇది దొంగల విద్య కదండీ అని ఎవరైనా అంటే మృచ్ఛకటికం ఎత్తండి. శర్విలకుడు కన్నం వెయ్యబోతూ కొలతాడు మరిచిపోయి వచ్చి, జంధ్యంతోనే కొలుచుకుంటాడు. గడియ తియ్యడానికీ అది పనికొస్తుందంటాడు. ఎంత సంప్రదాయం! ఈ మాటే నేను మా వియ్యంకుడిగారికి వివరించాను. అప్పుడు నేను వారి బీరువా ముందు గొంతుక్కూర్చుని ఉన్నాను, చేతిలో చెంపపిన్ను ఉంది. ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత మేం వెళ్ళినప్పుడల్లా ఆ గదిలోనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

గడువు లేనిదే సాధన సాగదు. కిందటి వారం పొయ్యి మీద పాలు పెట్టి, బయటికొచ్చి తలుపు లాగేసుకున్నాను. పొంగేలోగా తియ్యాలని నాకు నేనే కట్టుకున్న పందెం. బలం పెట్టాను. చెంపపిన్ను లోపలే విరిగింది. ఇంతలో మా ఆవిడ గుడి నుంచి వచ్చి తన చెవి పెట్టబోతే దూరలేదు. వాచ్‌మన్ పరుగెత్తి గ్యాస్ పైపు వాల్వు కట్టేశాడు. తలుపు కిందనుంచి మాడు వాసన.

"ఏమండీ, ఇంతకీ మీరెందుకు బయటికొచ్చారు?"

గాలికోసమన్నాను.

పెద్దాయనను పిలిపించారు. మెట్ల మీద పనిముట్లు పరుచుకుని, విరిగిన ముక్కను సన్నటి బ్లేడుతో లాగి నా అరచేతిలో పెట్టాడు. దాన్ని ఓసారి వాసన కూడా చూశాడు. మా ఆవిడ చెవి తీసుకుని ముందుకొస్తే, "కొబ్బరినూనె పేరుకుందమ్మా, తిరగదు" అన్నాడు. అందరినీ కాసేపు మాట్లాడొద్దన్నాడు. రెండు పుల్లలు లోపలికి పోనిచ్చి కళ్ళు మూసుకున్నాడు. వయసు మీదపడింది కదా, కునుకు పట్టిందేమో తట్టి లేపుదామని నేను వంగేలోగా తలుపు తెరుచుకుంది.

మూడు వందలు తీసుకున్నాడు. కునుకు తీసినందుకు!

మర్నాడు మా ఆవిడ కొత్త తాళం వేయించి, రెండు చెవులూ కొంగున ముడేసుకుంది. ఆ ముడికి ఏ హుక్కు సరిపోతుందో చూస్తున్నాను.