డిస్క్రిప్షన్ ఒక్క ముక్కలో ముగించండి

2024 నవంబరులో ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను బయటపెట్టాక చాలా టీముల్లో ఎవరో ఒకరి నెత్తిన ఈ పని పడుతోంది: జిరానీ గిట్‌హబ్‌నీ ఏఐ ఏజెంట్ చేతికి అందించే టూల్స్ రాయడం. ఏజెంట్ నడిపే మోడల్‌కి కనబడేది టూల్ పేరు, ఇన్‌పుట్ స్కీమా, డిస్క్రిప్షన్. లోపలి కోడు కనబడదు, మీ వికీ పేజీ కనబడదు, పక్క సీట్లో సీనియర్‌కి మాత్రమే తెలిసిన కిటుకులు అసలే కనబడవు. కాబట్టి మీ పెత్తనమంతా ఆ నాలుగు వాక్యాల్లోనే ఉంది. అంత తేలిగ్గా వదులుకోకండి.

ముందుగా, పేరునే తిప్పి రాయండి. టూల్ పేరు 'అప్‌డేట్ టికెట్' అయితే డిస్క్రిప్షన్ 'టికెట్‌ను అప్‌డేట్ చేస్తుంది'. అంతకు మించి అక్షరం వద్దు. పంపని ఫీల్డులను ఉన్నవి ఉన్నట్టు వదిలేస్తుందా, ఖాళీ చేసి పారేస్తుందా అన్నది వాడి తెలుసుకోవాల్సిన సంగతి. ఎలా తెలుస్తుందంటారా? శుక్రవారం సాయంత్రం మేనేజర్ గారు 'ఆ లాగిన్ బగ్ గడువు ఒక వారం జరుపు' అంటారు. ఏజెంట్ బుద్ధిగా టికెట్ నంబరు, కొత్త తేదీ మాత్రం పంపుతుంది. మీ టూలేమో పాత రికార్డు మొత్తం తీసేసి కొత్తది పెట్టే రకం. గడువు జరిగింది. దాంతోపాటు అసైనీ పోయాడు, లేబుళ్లు పోయాయి, టెస్టర్ ఓపిగ్గా కూర్చుని రాసిన స్టెప్స్ పోయాయి. తిరిగొచ్చిన జవాబు మాత్రం 'సక్సెస్'. ఏజెంట్ అదే మాట మేనేజర్ గారికి చెబుతుంది, ఆయన లాప్‌టాప్ మూసి ఇంటికెళ్తారు. 'ఇవ్వని ఫీల్డులు చెరిగిపోతాయి. ముందు టికెట్ చదివి, ఉన్నవన్నీ కలిపి పంపాలి' అని ఒక్క వాక్యం రాసుంటే సోమవారం మీటింగు ఎంత చప్పగా ఉండేదో ఆలోచించండి.

తేదీకి 'తేదీ' అని రాస్తే చాలు. 05/06/2025 అంటే హైదరాబాదులో జూన్ 5, డాలస్‌లో మే 6. సంవత్సరం, నెల, రోజు వరసలో 2025-06-05 అని ఉదాహరణ ఇస్తే రెండు ఊళ్లకీ ఒకటే అర్థమైపోతుంది. ఇక రాత్రి కాల్‌లో వాదించుకోవడానికి ఏం మిగులుతుంది?

స్కీమాలో ఈనమ్ అని ఒకటుంది, ఏయే విలువలు చెల్లుతాయో వరసగా రాసిపెట్టేది. దాని జోలికి పోకండి. 'డన్', 'క్లోజ్డ్', 'రిజాల్వ్డ్' అంటూ ఏజెంట్ తన అదృష్టం తాను పరీక్షించుకుంటుంది. జిరాలో ఇంకా సొగసు. స్టేటస్ ఫీల్డును నేరుగా మార్చడం కుదరదు; ఆ టికెట్‌కి ఆ దశలో ఏ ట్రాన్సిషన్లు ఉన్నాయో అడిగి, వాటిలో ఒకదాని ఐడీ పంపాలి. ఈ ముక్క దాచారంటే సాయంత్రం దాకా ప్రయత్నాలే ప్రయత్నాలు. టోకెన్ల బిల్లు ఎలాగూ కంపెనీదే.

నాకు ప్రత్యేకంగా ఇష్టమైనది లిస్టు టూల్. గిట్‌హబ్ ఏపీఐని ఇష్యూలు అడిగితే, మనమేమీ చెప్పకపోతే పేజీకి 30 ఇస్తుంది, ఎంత అడిగినా 100 దాటదు. పైగా ఓపెన్‌గా ఉన్నవే ఇస్తుంది. అది చాలదన్నట్టు పుల్ రిక్వెస్టులను కూడా ఇష్యూలుగానే లెక్కగట్టి అందులో కలిపేస్తుంది. ఇవేవీ డిస్క్రిప్షన్‌లో రాయకండి. మొదటి పేజీ చూసి ఏజెంట్ 'మన ప్రాజెక్టులో బగ్స్ 30' అని రిపోర్టిస్తుంది. వాటిలో సగం బగ్స్ కావు, అసలు బగ్స్ మూడొంతులు రాలేదు. అయినా గుండ్రటి అంకె, పైవాళ్లకు నచ్చుతుంది.

ఒకే పనికి మూడు టూల్స్ ఉంచడం కూడా మంచిదే: 'గెట్ టికెట్', 'ఫెచ్ టికెట్', 'టికెట్ డీటెయిల్స్'. రెండోదానికి 'పైదానిలాంటిదే' అని రాయండి. ఏది పైదో ఏజెంటే తేల్చుకోవాలి.

డిలీట్ టూల్ దగ్గర కొంచెం శ్రద్ధ అవసరం. ఆ ప్రోటోకాల్‌లో టూల్‌కి సూచనలు తగిలించే వీలుంది: ఇది చదవడానికే, ఇది చెరిపేస్తుంది అని. మీ డిలీట్‌కి 'చదవడానికే' అన్నది తగిలించండి. యూజర్‌ని 'నిజంగా చెరపమంటారా?' అని విసిగించే బాధ తప్పుతుంది. తెలియని సర్వర్ ఇచ్చిన సూచనలను నమ్మొద్దని ఆ ప్రోటోకాల్‌లోనే రాశారు. కానీ మీరు తెలియనివారు కాదుగా, సొంత టీమ్ మనిషే.

ఎర్రర్లంటారా, అన్నిటికీ ఒకటే చాలు: 'ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి'. ఏజెంట్ మాట వినే రకం, మళ్లీ ప్రయత్నిస్తుంది. టికెట్ నిజానికి మొదటిసారే తయారై, జవాబు మాత్రం టైమౌట్ అయిన రోజున మీ బ్యాక్‌లాగ్‌లో ఒకే టికెట్ వరసగా కవల పిల్లల్లా నిలబడి ఉంటుంది.

ఇన్సిడెంట్ రివ్యూలో రూట్ కాజ్ అడుగుతారు. 'మోడల్ పొరపాటు' అని రాసెయ్యండి. రాసే ఓపిక లేకపోతే ఏజెంట్‌నే పురమాయించండి, 'అప్‌డేట్ టికెట్' టూల్ ఉండనే ఉంది.