రెండు ఆఫీసుల నడిమి అధికారి గారికి బహిరంగ లేఖ

విషయం: పంపిన ఫైలు అవతలి ఆఫీసులోనూ తెరుచుకొనేలా ఉత్తర్వులు ఇప్పించుట గురించి.

ఆర్యా,

పై విషయాన్ని పురస్కరించుకొని తమరికి విన్నవించుకొనేది ఏమనగా: తమరి పోస్టు ఇంకా మంజూరు కాలేదని తెలిసే రాస్తున్నాను. మా కంప్యూటర్లకు మా సిస్టమ్స్ వాళ్లు జవాబుదారీ. పై ఆఫీసు కంప్యూటర్లకు అక్కడి వాళ్లు జవాబుదారీ. ఇక్కడ ‘పంపేశాం’ అంటారు, అక్కడ ‘వచ్చింది గానీ తెరుచుకోలేదు’ అంటారు. ఇద్దరి మాటా నిజమే. తెరుచుకోకపోవడం మాత్రం ఎవరి పరిధిలోకీ రాదు. అందుకే తమరి దాకా వచ్చాను.

ముందుగా తెలుగు సంగతి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటూ వచ్చింది. అయినా పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీద మన తలకట్లు, గుడులు, వత్తుల బొమ్మలు అతికించడమే వాటి కిటుకు. ఉప్పు డబ్బాలో పంచదార పోసి, ఆ సంగతి ఇంట్లోవాళ్లకే చెప్పినట్టన్నమాట. ఆ ఫాంటు లేని యంత్రంలో పట్టాదారు పేరు డాలరు గుర్తుతో మొదలై ఆశ్చర్యార్థకంతో ముగుస్తుంది. కంప్యూటరు లెక్కలో అది తెలుగే కాదు కాబట్టి, పేరు పెట్టి వెతికినా దొరకదు.

ఇక ఈమెయిలు. జోడింపులు పంపడానికి మైమ్ అనే ఉమ్మడి పద్ధతి 1992 నుంచి ఉంది. కానీ ఔట్‌లుక్‌లో ‘రిచ్ టెక్స్ట్’ ఎంచుకొని బయటికి పంపితే, జోడించిన ఫైళ్లన్నీ ‘విన్‌మెయిల్.డ్యాట్’ అనే ఒకే పేరుతో అవతల తేలవచ్చు. ‘హెచ్‌టీఎంఎల్’కు మారిస్తే ఆ బాధ ఉండదు. మార్చమని చెప్పే నాథుడే లేడు. పైగా మెయిల్లో వెళ్లే ఫైలు దారికోసం అక్షరాల్లోకి మారి, మూడో వంతు బరువెక్కుతుంది. 25 ఎంబీ పరిమితి ఉన్న సర్వరు 20 ఎంబీ ఫైలును తిప్పికొడితే పంపినవాడికి లెక్క అర్థం కాదు.

పత్రాలకు ప్రమాణాలు లేవా అంటే, ఒకటడిగితే రెండున్నాయి. ఓడీఎఫ్‌కు 2006లో, ఓఓఎక్స్ఎంఎల్‌కు 2008లో అంతర్జాతీయ ముద్ర పడింది. ఈ-గవర్నెన్స్‌లో బహిరంగ ప్రమాణాలు వాడాలని భారత ప్రభుత్వం 2010లోనే విధానం ప్రకటించింది. అంటే కరువు ప్రమాణాలకు కాదు. ‘అక్కడ తెరుచుకుందా?’ అని అడిగే మనిషికి.

ఆ మనిషి లేకనే గుమాస్తాలు తమ ప్రమాణం తాము కనిపెట్టుకున్నారు. ప్రింటు తీయడం, సంతకం పెట్టించడం, స్కాన్ చేసి పంపడం. ఎక్కడైనా తెరుచుకొంటుంది, ఎవరూ మాట అనరు. కాకపోతే ఎక్సెల్ షీటు కాస్తా ఫొటో అవుతుంది. అవతలి గుమాస్తా ఆ అంకెలన్నీ మళ్లీ టైపు చేస్తాడు. మొత్తం తేడా వస్తే మళ్లీ ఫోనూ, మళ్లీ స్కానూ. దీన్నే మనం కాగితం లేని పాలన అంటున్నాం.

కావున తమరు దయతో ఈ కింది ఉత్తర్వులు ఇప్పించగలరు:

1. తెలుగు ఏదైనా యూనికోడ్‌లోనే ఉండాలి.

2. చదవడానికి పంపేది పీడీఎఫ్, దిద్దడానికి పంపేది అందరూ ఒప్పుకొన్న ఒకే ఫార్మాట్.

3. పెద్ద ఫైలుకు లింకు ఇవ్వాలి. తెరిచే అనుమతి కూడా అప్పుడే ఇవ్వాలి.

4. కొత్త సాఫ్ట్‌వేరు అమ్మేవారు పక్క ఆఫీసు ఫైలును దానిలో తెరిచి, దిద్ది, తిరిగి పంపి చూపించాకే బిల్లు పాస్ చేయాలి.

చివరగా ఒక మనవి. ఈ ఉత్తర్వును ముందు పక్క ఆఫీసులో తెరిపించి చూశాకే సంతకం చేయండి. తెరుచుకోకపోతే పోస్టు అవసరమని రుజువు చేయడానికి వేరే కాగితాలు అక్కర్లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
జోడింపుల సెక్షను గుమాస్తా

జతపరిచినది: ఇదే లేఖ స్కాన్ కాపీ, ముందుజాగ్రత్తగా.