బల్లి పలికిందనుకున్నా

మా త్రిపురాంతకంలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా కొన్నేళ్లపాటు నా దగ్గరికే తెచ్చేవాళ్లు. గుంటూరు-కర్నూలు రోడ్డు పక్కన నాదొక డీటీపీ, జిరాక్సు కొట్టు. తెచ్చిన మనిషి స్టూలు మీద కూర్చోకముందే నా నోట్లోంచి మాట వచ్చేసేది: "ఫార్మాట్ కొట్టేద్దాం." స్లో అయిందా, ఫార్మాట్. తెర నీలంగా మారిందా, ఫార్మాట్. ఒకాయన పాటలు వినిపించడం లేదని తెస్తే దానికీ ఫార్మాటే. స్పీకరు తీగ ఊడిందని తర్వాత ఇంటికెళ్లి ఆయనే కనిపెట్టాడు. అప్పటికి నేను డబ్బులు తీసుకోవడమూ అయిపోయింది, ఆయన కూతురి పుట్టినరోజు ఫొటోలు పోవడమూ అయిపోయింది.

ఫార్మాట్‌లో ఉన్న సుఖం ఏమిటంటే, చేసేవాడికి ఏమీ తెలియక్కర్లేదు. కంప్యూటర్ నెమ్మదించడానికి నూరు కారణాలుంటాయి. సి డ్రైవ్ నిండిపోయి ఉండొచ్చు. ర్యామ్ చాలకపోవచ్చు. ఒకదానికి తెలియకుండా ఇంకొకటి రెండు యాంటీవైరస్‌లు వేసి ఉండొచ్చు. ఆన్ చేయగానే పిలవని పేరంటానికి వచ్చే ప్రోగ్రాములు డజను ఉండొచ్చు. ఏది అసలు కారణమో వెతకాలంటే ఓపిక కావాలి, కాస్త చదువు కావాలి. ఫార్మాట్ కొడితే వీటిలో సగం వాటంతటవే పోతాయి, మిగతా సగం కొన్ని వారాలు దాక్కుంటాయి. ఆ కొన్ని వారాల్లోనే నాకు పేరొచ్చేది.

పెన్‌డ్రైవ్‌ల సంగతి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. జిరాక్సు కొట్లలో షార్ట్‌కట్ వైరస్ అని ఒకటి తిరుగుతుండేది. డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనబడతాయి. నొక్కితే ఒక్కోసారి ఏమీ తెరుచుకోదు. పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు పట్టుకొచ్చి "అన్నా, ఫైళ్లు పోయినాయి" అంటే "అవును, పోయినాయి" అని డ్రైవ్ ఫార్మాట్ చేసి చేతిలో పెట్టేవాణ్ణి. నిజానికి ఆ ఫైళ్లు ఎక్కడికీ పోవు. వైరస్ వాటిని కనబడకుండా దాచిపెడుతుంది, అంతే. అట్రిబ్ అనే ఒక్క కమాండ్ కొడితే చెక్కుచెదరకుండా బయటికొస్తాయి. అది నాకు తెలిసేసరికి ఎంతమంది పిల్లల రిపోర్టులు నా చేతుల్లో పోయాయో లెక్క లేదు. వైరస్ దాచింది, నేను చంపాను.

మా ఊళ్లో రిటైరైన తెలుగు మాస్టారొకరు ఉన్నారు. కొండమీది త్రిపురాంతకేశ్వరుడి గుడి శాసనాల మీద ఆయనకు పిచ్చి. 1290లో కాయస్థ అంబదేవుడు వేయించిన శాసనం దగ్గర నిలబెట్టి, ఎవరు దొరికితే వాళ్లకు పాఠం చెప్పేవారు. ఆ నోట్సంతా టైపు చేసుకుని డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నారు. నేను ఆయన కంప్యూటర్ కూడా ఫార్మాట్ కొట్టాను. డెస్క్‌టాప్ మీద కనిపించేదంతా సి డ్రైవ్‌లోనే ఉంటుందన్న సంగతి ఆయనకు తెలియదు. నాకు తెలుసు, కానీ అడగలేదు. ఆయన నన్నేమీ అనలేదు. చాలాసేపు కూర్చుని అలంపురం సంగతి ఎత్తారు. శ్రీశైలానికి తూర్పు ద్వారం మన ఊరు, పడమటి ద్వారం అలంపురం. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని, గుడిని రాయి రాయీ విప్పి అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. "విప్పేముందు ఏ రాయి యాడిదో రాసుకున్నారబ్బాయ్," అన్నారు మాస్టారు. నేను తలూపాను. ఆ తలూపుడు ఆయన్ని సాగనంపడానికే.

ఇలా ఊరందరి కంప్యూటర్లకూ ఫార్మాట్ పెట్టిన నాకు, నా సొంతదాని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి రాలేదు.

అది విండోస్ 7 పెట్టె. అందులో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పెళ్లికార్డులు, తిరునాళ్ల కరపత్రాలు, పంచాయతీ ఎన్నికల పాంప్లెట్లు, పెద్దకర్మ కార్డులు, అన్నీ అందులోనే పుట్టాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో వెర్షనే రాలేదు. అయినా మా తెలుగు డీటీపీ కొట్లకు అదే దిక్కు. అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలన్నీ ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కాపురం ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" కాస్తా కొమ్ములూ కామాలూ అయిపోతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటిచ్చారు, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. కానీ పేజ్‌మేకర్ యూనికోడ్ తెలుగును ముట్టుకోదు, నేను పేజ్‌మేకర్‌ను వదలను. పైగా ఫాంట్ల సీడీ ఎర్రగొండపాలెం మిత్రుడొకాయన అరువు పట్టుకుపోయి ఏళ్లయింది. ఫార్మాట్ కొడితే మళ్లీ ఎక్కించేదేదీ?

విండోస్ 7కు 2020 జనవరి 14తో కంపెనీ మద్దతు ఆగిపోయింది. నేను పట్టించుకోలేదు. 2023లో క్రోమ్ కొత్త వెర్షన్లు దానికి రావడం మానేశాయి. వెబ్‌సైట్లు ఒక్కొక్కటే మొహం చాటేశాయి. హాల్ టికెట్లు ఫోన్లో డౌన్‌లోడ్ చేసి, కేబుల్‌తో ఎక్కించి, ప్రింట్ తీసేవాణ్ణి. "ఏందన్నా, కంప్యూటర్ పెట్టుకుని ఫోన్లో చేస్తన్నావ్?" అని పిల్లలు అడిగితే "సర్వర్ బిజీ" అనేవాణ్ణి.

ఇక రిపేరు మొదలైంది. ఊరందరికీ ఫార్మాట్ చెప్పే నోటితోనే "మనదానికి అవసరం లేదు, చిన్న చిన్న మరమ్మతులు చాలు" అని నాకు నేనే చెప్పుకున్నాను. రిజిస్ట్రీ శుభ్రం చేస్తానన్న ప్రతి ఉచిత ప్రోగ్రామునూ నెట్టులోంచి తెచ్చి వేశాను. అవి శుభ్రం చేశాయో లేదో గానీ, వాటిని శుభ్రం చేయడానికి ఇంకోటి కావలసి వచ్చింది. విండోస్ సొంత ఫైళ్లను సరిచూసే ఎస్.ఎఫ్.సి. స్కాన్ నడిపితే, చెడిపోయిన ఫైళ్లు దొరికాయి గానీ కొన్నిటిని బాగుచేయలేకపోయానని రాసింది. మళ్లీ నడిపాను. మళ్లీ అదే మాట. రాత్రి కొట్టు మూసేముందు చెక్‌డిస్క్ పెట్టి వెళ్లేవాణ్ణి, డిస్కులోని ప్రతి మూలా చదివి పరీక్షించే రకం. తెల్లారి వచ్చేసరికి కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చి, తెర నల్లగా ఉండేది.

ఆ రోజుల్లోనే టక్ టక్ అని చప్పుడు మొదలైంది. నా టేబులు వెనక గోడ మీద బల్లులు చాలా ఉన్నాయి. ఎదురు బడ్డీకొట్టాయనతో "దీనికి ఫార్మాట్ అక్కర్లేదు మామా, ఇంకో రెండేళ్లు లాగుద్ది" అంటుంటే టక్ టక్ మని వినబడింది. ఇద్దరం ఒకేసారి టేబుల్ మీద వేళ్లతో కొట్టి "సత్యం, సత్యం" అన్నాం. ఆ తర్వాత అనుమానం వచ్చినప్పుడల్లా నేను పైకి అనేవాణ్ణి, బల్లి పలికేది. ఇంత నమ్మకమైన బల్లిని నా జన్మలో చూడలేదు. శాస్త్రం తెలిసినవాళ్లు ఏ దిక్కున పలికితే ఏ ఫలమో చెబుతారు. ఇది ఎప్పుడూ టేబుల్ కిందినుంచే పలికేది. ఆ దిక్కుకు ఫలం ఏమిటో పంచాంగంలో చూద్దామనుకున్నాను కూడా.

2025 సంక్రాంతికి మా చెల్లెలి కొడుకు వచ్చాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు. కొట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నవాడు చటుక్కున వంగి క్యాబినెట్‌కు చెవి పెట్టాడు.

"మామయ్యా, ఇది బల్లి కాదు."

"మరేంది?"

"హార్డ్ డిస్క్. పోతోంది. విండోస్ తప్పేం లేదు. ముందు దీంట్లో ఉన్నవన్నీ బయటికి తీసెయ్. చెక్‌డిస్క్ మాత్రం పెట్టబాక, ఉన్న ప్రాణం కూడా పోద్ది."

రిపేరా ఫార్మాటా అని నేనన్నాళ్లు నాలో నేను వాదించుకుంటున్న మాట వాడికి చెప్పాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నువ్వు పలక పట్టకముందే నేను కంప్యూటర్లు ఫార్మాట్ చేస్తున్నానన్నాను. అదే నా అర్హత అన్నట్టు! వాడు ఊరుకుని, భోగి నాడు నేను నిద్రపోతుంటే కార్డుల ఫోల్డర్ మాత్రం తన ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకుపోయాడు. నాకు చెప్పలేదు. చెబితే వద్దంటానని వాడికి తెలుసు.

మాఘమాసం వచ్చింది. పెళ్లిళ్లు, మీదట శివరాత్రి తిరునాళ్లు. కొట్లో ఊపిరాడని రోజులు. సరిగ్గా అప్పుడే పెట్టె పేజ్‌మేకర్ తెరవడానికి ఒక టీ తాగి వచ్చేంతసేపు తీసుకోవడం మొదలుపెట్టింది. పౌరుషం వచ్చింది. మేనల్లుడు కాదన్న ఫార్మాటే కొట్టి చూపిద్దామనుకున్నాను. ఎర్రగొండపాలెం మిత్రుడి దగ్గర్నుంచి సీడీ తెప్పించాను. విండోస్ 10 పెన్‌డ్రైవ్ తయారుచేశాను. డి డ్రైవ్‌లోవి కాపీ తీయలేదు. ఫార్మాట్ కొట్టేది సి డ్రైవ్ కదా, డి కి ఏమవుద్ది? "ముఖ్యమైనవి డి లో పెట్టుకోండి, భద్రం" అని మండలమంతటికీ చెప్పినవాణ్ణి. సి, డి అనేవి ఒకే డిస్కు మీద గీసిన గీతకు ఇటూ అటూ అని తెలియక కాదు. డిస్కు పోతే గీత ఎక్కడ నిలబడుద్దని ఎప్పుడూ అనుకోకపోవడం వల్ల.

ఫైళ్లు ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగింది. టక్ టక్ టక్ మని ఈసారి ఆగకుండా పలికింది. తర్వాత పలకలేదు. రీస్టార్ట్ చేస్తే అసలు డిస్కే లేదంది.

మేనల్లుడికి ఫోన్ చేస్తే అప్పుడు చెప్పాడు కాపీ సంగతి. కన్నీళ్లొచ్చినంత పనైంది. కానీ అది భోగినాటి కాపీ. పండగ తర్వాత ఒక పెళ్లివారొచ్చి ప్రూఫులో రెండు మార్పులు చెప్పి వెళ్లారు: ముహూర్తం టైము మారింది, ఆహ్వానించువారిలో పెద్దన్నయ్య పేరు పైన రావాలి. టైము గుర్తుంది, మార్చాను. పెద్దన్నయ్య గుర్తులేడు. కార్డులు మార్కాపురం ప్రెస్సులో అచ్చయి, సగం ఊళ్లలో పంచాక ఆ పెద్దాయన స్వయంగా కొట్టుకు వచ్చాడు. "నా తమ్ముడి కూతురి పెళ్లికి నేను చుట్టపోణ్ణా?" అన్నాడు. హార్డ్ డిస్క్ పోయిందని నేను చెబుతున్నాను. ఆయనకు వినబడుతున్నది తమ్ముడి మీది పాత కోపం. రెండో అచ్చు ఖర్చు నేనే పెట్టుకున్నాను. అన్నదమ్ములు పెళ్లి పందిట్లో మాట్లాడుకున్నారో లేదో అడిగే ధైర్యం చేయలేదు.

మార్కాపురంలో హార్డ్ డిస్క్ బదులు ఒక ఎస్ఎస్‌డీ కొని ఆ పాత పెట్టెలోనే బిగించాను. అదే ప్రాసెసర్, అదే ర్యామ్. స్విచ్ వేసి తిరిగి చూసేలోపు లేచి కూర్చుంది. ఇన్నేళ్లూ నేను తిట్టిన విండోస్‌కు క్షమాపణ ఎలా చెప్పాలో తెలియలేదు.

విండోస్ 10 ముచ్చటా ఎక్కువ కాలం లేదు. 2025 అక్టోబర్ 14తో దానికీ మద్దతు అయిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది ఇస్తామన్నారు, 2026 అక్టోబర్ 13 వరకు. 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. నా పెట్టెలో ఆ రెండూ లేవు. హైదరాబాద్ స్వేచ్ఛ వాళ్లు తెలుగులో తెచ్చిన లినక్స్ ఉంది, వేస్తానంటున్నాడు మేనల్లుడు. పేజ్‌మేకర్ ఏం కావాలిరా అంటే యూనికోడ్ నేర్చుకోమంటున్నాడు. నేర్చుకుంటున్నాను. రోజూ ఒక కార్డు దాంట్లో కొడుతున్నాను. ఒత్తులు ఎక్కడున్నాయో వేళ్లకింకా పట్టుబడలేదు.

మాస్టారి దగ్గరికి వెళ్లి, ఆ నోట్సు మళ్లీ చెబితే టైపు చేసి పెడతానన్నాను. ఆదివారాలు వస్తున్నారు. మొన్నటికి అంబదేవుడి శాసనం దాకా వచ్చాం. ఆ ఫైలు ఎక్కడ పెట్టావని ఆయన అడిగారు. భద్రంగా ఉందన్నాను. డెస్క్‌టాప్ మీద "న్యూ ఫోల్డర్ 3"లో ఉంది. పెన్‌డ్రైవ్‌లోకి ఈ ఆదివారం ఎక్కిస్తాను.